ప్రతి స్తంభం దగ్గరా ఆగిన గుర్రం

దయ్యాలన్నా, గాలి సోకడాలన్నా నాకు చిన్నప్పటినుంచీ చిరాకే. మా పుట్టింట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే ముందు దిష్టి తీసేవాళ్ళు, తర్వాత మాత్ర ఇచ్చేవాళ్ళు. నేను మాత్ర ముందే మింగేసి, పెద్దవాళ్ళ తృప్తి కోసం దిష్టికి కూర్చునేదాన్ని. నేను చేసేది కుట్టుపని. కొలవనిదే గుడ్డకు కత్తెర పెట్టను. ఇప్పుడు చెప్పబోయే సంగతిని కూడా నాకు చేతనైనన్ని రకాలుగా కొలిచి చూసుకున్నాను. ఎటు తిప్పినా కుదరడం లేదు. కుదిర్చి చెప్పేవాళ్ళెవరైనా ఉంటే సంతోషంగా వింటాను.

మాది కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరు. ఊరు పెరిగి పెరిగి మా వీధి దగ్గర ప్రస్తుతానికి ఆగింది. మా ఇల్లు దాటితే కొత్త ప్లాట్ల తెల్లరాళ్ళు, వాటి పక్కన శ్మశానం, ఆ పైన తారురోడ్డు. ఇంటి పక్కనే రేకుల కొట్టం. అందులో మా గుర్రం ఉండేది.

ఈ కాలంలో గుర్రమేమిటని అడుగుతారేమో. మా మామ ఉరుకుందప్ప ఆదోనిలో జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాక కల్లూరు చేరి, పెళ్ళిళ్ళకు గుర్రాన్ని నడపడం మొదలుపెట్టాడు. మా ఆయన వీరేశు కూడా అదే పని నేర్చుకున్నాడు. పెళ్ళికొడుకును ఎక్కించి, బ్యాండు వెనకాల మెరవణిలో మెల్లగా నడిపించడం. చూసేవాళ్ళకు తేలిక పని. గుర్రానికి మాత్రం కాదు. చెవి పక్కన డప్పులు, కాళ్ళ కింద టపాకాయలు, మీద ఎప్పుడూ ఎరగని మనిషి. అన్నిటికీ అది తలవంచి నడవాలి. అందుకని పెళ్ళి గుర్రాన్ని చిన్నప్పుడే అందరికీ అలవాటు చేస్తారు. ఎవరు బెల్లం పెట్టినా తినాలి, ఎవరు కళ్ళెం పట్టినా నడవాలి. ఎంత మెత్తగా ఉంటే అంత మంచి గుర్రమని పేరు.

ఆ మెత్తదనమే మా కొంప ముంచింది. మాకు మొదట గౌరి అని ఒక ఆడగుర్రం ఉండేది. డోన్ వైపు ఒక పెళ్ళిలో, మెరవణి అయిపోయి అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, ఎవరో దాని కళ్ళెం పట్టుకుని నడిపించుకుపోయారు. అది ఒక్కసారి కూడా సకిలించలేదట. ఎందుకు సకిలిస్తుంది? మనమే కదా నేర్పింది, ఎవరు పిలిచినా పొమ్మని.

మరుసటి రోజు రోడ్డు పక్కన దొరికింది. దొంగలు ఎక్కించిన బండిలోంచి దూకబోయిందో, తోసేశారో, కాలు విరిగి పడి ఉంది. మేము వెళ్ళేసరికి ప్రాణం ఉంది కానీ లేవలేకపోయింది. మామ దాని తల ఒళ్ళో పెట్టుకుని, అది పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆయన ఏడవలేదు. నేనూ వీరేశూ ఏడ్చాం. ఇంటికొచ్చాక మామ ఒక్క మాట అన్నాడు.

"ఇంగ మన గుర్రము ఎవురెంటా పోకూడదు. నేర్పిస్తా సూడు."

తర్వాత కొన్న తెల్లగుర్రమే మైలారి. మామ వాళ్ళ ఇలవేల్పు మైలారలింగప్ప. ఆ దేవుడి వాహనం గుర్రమే కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాడు. దానికి ఆయన నేర్పిన విద్య నేను ఇంకెక్కడా చూడలేదు. దాని నుదుటి మీద వెంట్రుకల సుడి ఉండేది. అరచేయి ఆ సుడి మీద ఆనించి, అది ఒక పెద్ద ఊపిరి వదిలేదాకా ఆగాలి. తర్వాత ఎడమ చెవి కింద నిమరాలి. అప్పుడే అడుగు కదుపుతుంది. అలా చేయకుండా లాగితే, కళ్ళెం తెగాలి తప్ప గుర్రం కదలదు. ఒకసారి కదిలాక మాత్రం డప్పులకూ టపాకాయలకూ బెదరకుండా నడిచేది. కూర్చున్న పెళ్ళికొడుక్కి ఇవేవీ తెలియవు.

వీధిలో ఆటోవాళ్ళు పందెం కట్టి లాగి చూశారు. కదల్లేదు. బెల్లం చూపించారు. బెల్లం తినేసి అక్కడే నిలబడింది. రోజూ ఉలవలు ఉడకబెట్టి పెట్టే నేను లాగినా కదల్లేదు. నాకు నిజంగానే కోపం వచ్చింది. మామ ముసిముసిగా నవ్వుకున్నాడు. ఆ సుడి సంగతి మా ముగ్గురికే తెలుసు, అందులోనూ చేయి పెట్టేది వాళ్ళిద్దరే. నేను పెట్టినా అది ఊపిరి వదిలేది కాదు, మొహం తిప్పుకునేది.

అది చాలదన్నట్టు ముందుకాలికి ఒక గొలుసు, దానికి తాళం. తాళానికి రెండు తాళంచెవులు. ఒకటి వీరేశు మొలతాడుకు. రెండోది మామ వక్కాకు సంచిలో. ఆయనకు కొడుకు మీద నమ్మకం తక్కువ. ఎవరు ఇంటికొచ్చినా ఇదే మాట.

"మా వానికి నిద్ర శానా. గుర్రాన్ని కాదు, వాన్ని ఎత్తకపోయినా లేయడు."

వీరేశు నవ్వేవాడు. నాకు తెలుసు, ఆ మాట ఆయనకు లోపల గుచ్చుకునేది.

చివరి రోజుల్లో మామకు ఆయాసం ఎక్కువైంది. అయినా మధ్యాహ్నం పూట గుర్రాన్ని ప్లాట్ల వైపు తిప్పుకొచ్చే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎండలో మనుషులుండరు, ఆటోలుండవు, దానికి నెమ్మదిగా ఉంటుందని. ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా నడిచేవాడు, ఆగేవాడు, గుర్రం మెడ మీద చేయి వేసి ఊపిరి తీసుకునేవాడు. అది కూడా అలవాటుపడి, ఆయన చెప్పకముందే స్తంభం దగ్గర ఆగేది. పొట్టి మనిషి. గుర్రానికి అవతల నడుస్తుంటే ఇవతలికి కనిపించేవాడు కాదు. గుర్రం ఒక్కటే పోతున్నట్టుండేది.

ఆయన పోయాక, మాలో ఉన్న ఆచారం ప్రకారం పూడ్చిపెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైన వస్తువు పక్కన పెట్టి పంపిస్తాం. ఆయనకు వక్కాకు తప్ప ఇష్టమైనది ఇంకేముంది? కొత్త ఆకులు, వక్కలు సంచిలో నింపి ఆయన చేతి పక్కన నేనే పెట్టాను. మట్టి వేసి ఇంటికొచ్చి, స్నానాలు చేసి కూర్చున్నాక వీరేశుకు గుర్తొచ్చింది, తాళంచెవి ఆ సంచిలోనే ఉందని. తీయలేం కదా. ఇంకొకటి ఉంది కదా అనుకున్నాం. మా ఇద్దరిలో ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో మళ్ళీ గుర్రాల దొంగతనాల మాట వినబడింది. నంద్యాల రోడ్డులో ఒకటి పోయిందన్నారు. ఎవరిదో జత గుర్రాలు పోయాయన్నారు. గుర్రాలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక ఫోటో, కింద దండం పెట్టే బొమ్మలు. వీరేశు రాత్రంతా కొట్టం గేటుకు అడ్డంగా మంచం వేసుకుని, టార్చి పట్టుకుని మేలుకునేవాడు. పగలు అదే మంచాన్ని కొట్టం పక్కనున్న వేపచెట్టు కిందికి జరుపుకుని పడి నిద్రపోయేవాడు. కళ్ళు ఎర్రగా, ఒళ్ళు సన్నగా అయిపోయాడు. నేను తిట్టేదాన్ని.

"ఏమప్పా, సుడి మీద చేయి పెట్టందే కదలదంటివి, తాళముండాది అంటివి. మల్ల నిద్ర చెడగొట్టుకునేదెందుకు?"

"నాయినకి మాటిచ్చినా. దొంగల పాలు కానీయనని."

ఆ గుర్రం మా అన్నం కూడా, నిజమే. కానీ ఆయనకు అంతకంటే పెద్ద లెక్క ఒకటి ఉంది. తనను ఏమరుపోతు అనుకుంటూ పోయిన తండ్రికి, తాను ఏమరుపోతును కాదని చూపించాలి. చచ్చిపోయినవాళ్ళకు ఏం చూపిస్తామని నేనెప్పుడూ అనలేదు. అనాలనిపించేది.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలో కుక్క కూడా లేదు. నేను గడప దగ్గర మిషన్ వేసుకుని, ఒకామె పెళ్ళి జాకెట్టుకు చేతిపని చేస్తున్నాను. మైలారి మా గుమ్మం ముందునుంచి ప్లాట్ల వైపు నడిచిపోయింది. తల కొంచెం అవతలికి వంచి, ఎవరి మాటో వింటున్నట్టు పోతోంది. గడపలోంచి వేపచెట్టు కింద మంచం కనబడదు. వీరేశు నిద్ర లేచి నీళ్ళకు తోలుకుపోతున్నాడనుకున్నాను. అవతలి పక్కన ఉన్నాడు కాబట్టి కనబడలేదనుకున్నాను.

"తిని పోరాదా?" అని కేక వేశాను. జవాబు లేదు. అలిగాడేమో అనుకుని మళ్ళీ సూది మీదికి వంగాను.

గుర్రం కడుపు కింద అవతలి మనిషి కాళ్ళు కనబడాలి కదా అని మీరడగవచ్చు. పోలీసు కూడా అదే అడిగాడు. నేను చూడలేదు. ఇంటాయన గుర్రాన్ని తోలుకుపోతుంటే కాళ్ళున్నాయో లేదో ఎవరైనా వంగి చూస్తారా? ఒక్కటి మాత్రం చూశాను. మా ఇంటి ముందు స్తంభం దగ్గర గుర్రం ఆగింది. కాసేపు నిలబడింది. మళ్ళీ కదిలింది. తర్వాతి స్తంభం దగ్గర కూడా ఆగింది. అప్పుడు అది నా మనసుకు ఎక్కలేదు. రోజూ చూసినదే కదా, అందుకని ఎక్కలేదు.

ఎండ వాలాక వీరేశు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"గుర్రాన్ని యాడ కట్టేసినావమ్మే?"

నా చేతిలో సూది అలాగే ఆగిపోయింది. "నువ్వే గదా తోలకపోయింది," అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కొట్టంలోకి పరుగెత్తాం. గేటు తీసి, మళ్ళీ దగ్గరికి వేసి ఉంది. గొలుసు తెగలేదు. చుట్టలు చుట్టి మేకుకు తగిలించి ఉంది, తెరిచిన తాళం దాని కొసకే వేలాడుతోంది. తాళం మీద గీత కూడా లేదు. వీరేశు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. ఇంకో మాట. వీరేశు ఎప్పుడూ గొలుసు విప్పి కింద పారేస్తాడు. చుట్ట చుట్టి మేకుకు తగిలించే మనిషి ఒక్కరే ఉండేవారు మా ఇంట్లో.

ఎదురింటి ఖాదర్‌బీ చిల్లర అంగడి నడుపుతుంది. ఆమె అంగడి మా గుమ్మానికి సరిగ్గా ఎదురు. అడగడానికి పోతే ఆమె తేలిగ్గా చెప్పింది.

"సూసినా కదమ్మా. మీ ఆయన మీ తట్టు నడుస్తా ఉన్నాడనుకున్యా. గుర్రం మీ ఇంటి తట్టుకే తల వంచిండె."

నేను ఆయన ఆమె వైపు ఉన్నాడనుకున్నాను. ఆమె నా వైపు ఉన్నాడనుకుంది. గుర్రం తల తన వైపు వంచలేదని ఆమె, నా వైపు వంచలేదని నేను. ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం కూడా. వీధికి ఆ పక్క కూర్చున్న మనిషీ ఈ పక్క కూర్చున్న మనిషీ ఇద్దరూ ఒకే గుర్రాన్ని చూశారు. నడిపించేవాడు ఎదుటి పక్కన ఉన్నాడనుకున్నారు. ఆ తర్వాత ఖాదర్‌బీ గొంతు తగ్గించి, అడగకుండానే చెప్పింది.

"కంబం కంబం కాడ నిలబడుకుంటా పాయనమ్మా. మీ మామ ఉన్యప్పుడు పోయినట్లే."

వీరేశు అక్కడే అరుగు మీద కూర్చుని మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఖాదర్‌బీ మీద, వీరేశు మీద, చచ్చిపోయిన మామ మీద కూడా. దొంగలు తోలుకుపోయారు, వెతకాలి, అంతే అన్నాను. ఆ మాట పట్టుకుంటేనే మాకు చేయడానికి ఏదో ఒక పని ఉంటుంది.

అడుగుజాడలు ప్లాట్ల దాకా కనిపించాయి. అక్కడ గొర్రెల మంద ఒకటి దాటిపోయింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. గుర్రపు డెక్కల పక్కన ఈడ్చుకుంటూ నడిచిన కాలి గుర్తు ఉందని వీరేశు అన్నాడు. నాకు కనపడలేదు. కనపడిందని నేను అబద్ధం చెప్పను.

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్నారు. వచ్చిన కానిస్టేబులు మంచివాడే. ఇట్లాంటి తాళాలు ఒకదాని చెవి ఇంకొకదానికి పడుతుందనీ, ఎవరో మీ మామ దగ్గర గుర్రం మెలకువ నేర్చుకుని ఉంటారనీ చెప్పాడు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఇప్పటికీ సగం పట్టుకునే ఉన్నాను. కానీ మామ ఎవరికైనా నేర్పుతాడా? కోడలినైన నాకే పూర్తిగా నేర్పలేదు. పోనీ నేర్చుకున్న దొంగ ఉన్నాడే అనుకుందాం. పట్టపగలు దొంగిలించిన గుర్రాన్ని ఏ దొంగైనా స్తంభం స్తంభం దగ్గర ఆపుకుంటూ తీసుకుపోతాడా?

సంతలు తిరిగాం. పత్తికొండ వైపు, ఆళ్ళగడ్డ వైపు, ఎవరు ఏ ఊరు చెబితే ఆ ఊరు. గండికోటలో టూరిస్టుల పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాల్లో కొత్తగా ఒక తెల్లది వచ్చిందని ఎవరో చెప్పారు. జమ్మలమడుగు మీదుగా బస్సులు మారి పోయాం. కోట గోడ దగ్గర, పెన్న లోయ చూడ్డానికి వచ్చిన జనం మధ్య ఒక తెల్లగుర్రం నిలబడి ఉంది. దూరంనుంచి చూసి నేను "అదే" అన్నాను. వీరేశు పరుగెత్తాడు.

గుర్రపాయన గొడవ పెట్టుకోలేదు. "సూసుకో అన్నా. నీదయితే తోలకపో," అన్నాడు. వీరేశు దాని నుదుటి మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. ఆ గుర్రం తల విదిలించుకుని, ఆయన జేబు దగ్గర బెల్లం కోసం వాసన చూసింది. అయినా ఆయన చేయి తీయలేదు. చివరికి నేనే పట్టుకుని తీశాను.

"మాయి గూడా పోయినాయి అన్నా," అన్నాడు గుర్రపాయన. "ఎవురు పిలిచినా పోయే జీవాలు. యాడని ఎతికేది? ఆశ పెట్టుకోమాక."

తిరిగొచ్చాక వీరేశు వెతకడం మానేశాడు. ఇటుకల బట్టీలో కూలికి కుదిరాడు, పోయినన్నాళ్ళు పోయాడు, అదీ మానేశాడు. నా కుట్టుపని మీదే ఇల్లు నడుస్తోంది. నడవడం గురించి నాకు బాధ లేదు. ఆయన మంచం మీద కూర్చుని ఖాళీ కొట్టం వైపు చూస్తుంటే మాత్రం ఏడుపొస్తుంది.

ఒక రోజు నేనే అన్నాను. మామ పక్కన పెట్టిన సంచి తీసి చూద్దాం, అందులో తాళంచెవి ఉంటే దొంగలే, మన మనసు కుదుటపడుతుంది అని. వీరేశు నా మీదికి కొట్టేంత కోపంగా లేచాడు.

"నాయిన్ను తవ్వేదేమ్మే?"

తాళంచెవి లేకపోతే ఏం చేస్తాం అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. మా ఇద్దరికీ భయం దాని గురించే.

వానలు పడి వెలిశాక, ఒక ఉదయం ఆయనే పార తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పద, చూద్దాం అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. శ్మశానం అంచున మామను పెట్టిన వరుస లేదు. ప్లాట్లకు పోయే దారిని వెడల్పు చేసి కంకర పరిచారు. మేము గుర్తుకు పెట్టిన బండరాయి లేదు, పక్కన ఉన్న సమాధి కట్టా లేదు. అటూ ఇటూ కొలుచుకుంటూ తిరిగాను. ఎక్కడినుంచి కొలవాలో తెలియలేదు. జేసీబీ నీడలో కూర్చుని టీ తాగుతున్న డ్రైవరును అడిగాం.

"రాళ్ళుండె ఏమో అక్కా, నాకు తెల్దు. చదును చేయమన్నారు, చేసినా."

వీరేశు పార భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. వీధిలోకి వచ్చాక నేను గమనించాను, ఆయన ప్రతి స్తంభం దగ్గరా ఆగుతున్నాడు. ఆయనకు ఆయాసం లేదు. నేనూ ఆయనతో పాటే ఆగాను.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అప్పుడు మాట్లాడాడు. ఇన్ని నెలల్లో ఆ మధ్యాహ్నం గురించి ఆయన అన్నది అదే.

"దొంగలైతే లేపరు, సరే. నాయినైతే నన్ను లేపాల గదమ్మే? ఆ మంచం పక్కనుంచే గదా తోలకపోయింది. లేపింటే, నా చేత్తోనే గొలుసు ఇప్పి ఇచ్చేటోన్ని. దొంగల పాలు చేస్తాననుకున్యాడా?"

దొంగలే అని చెప్పడానికి నోరు రాలేదు. కాదని చెప్పడానికీ రాలేదు. అది నడిచిపోయిన తీరును నేను నా కళ్ళతో చూశాను. చూసి కూడా ఎవరు తోలుకుపోయారో ఈ రోజుకీ చెప్పలేను.

కొట్టం గేటు ఇప్పుడు తెరిచే ఉంటుంది. వీరేశు మధ్యాహ్నాలు నిద్రపోవడం లేదు. ఎండ ఎంత ఉన్నా వేపచెట్టు కింద మంచం మీద కళ్ళు తెరుచుకుని కూర్చుంటాడు. తినడానికి పిలిస్తే, ఇప్పుడు కాదు, నాయిన తిరిగే పొద్దు దాటనీ అంటాడు.